‘ఏది ముందైతే అది’ గారికి

మహారాజశ్రీ ‘ఏది ముందైతే అది’ గారికి,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. కారు కూడా క్షేమమని రాయాలనే ఉంది కానీ, ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. నేను మాత్రం నాలుగేళ్లుగా మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. మా కారు ముందద్దం పైమూల ఎండకు వెలిసిపోయిన స్టిక్కర్ ఒకటి ఉంది. ‘ఇంజన్ ఆయిల్: 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది’ అని దాని మీద ఉంటుంది. పదివేల అంకె గుమ్మడికాయంత. మీరేమో ఆవగింజంత. పెద్దగా కనిపించింది చదువుకున్నాను, చిన్నగా ఉన్నది వేరేవాళ్ల కోసం అనుకున్నాను.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడిని. రెండు సంఖ్యల్లో కనిష్ఠం అంటే ఏమిటో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. మీరు చెప్పేదీ అదే కదా. అయినా ఖర్చు నా జేబు దగ్గరికి వచ్చేసరికి, మీ ముందున్న ‘లేదా’ అన్న మాట నాకు పెళ్లిలో బఫే బల్లలా కనిపించింది. ఏది నచ్చితే అది వడ్డించుకోవచ్చు! నేను కిలోమీటర్లు వడ్డించుకున్నాను.

మా కారు గురించి రెండు మాటలు. 2016 దసరాకు కొన్నాం. ఈ ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లు ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి, ఆ తర్వాతే ఇంటికి. మేమూ అక్కడే పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్నాం. నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బాగానే తిరిగింది. 2020లో నేను రిటైరయ్యాను. అదీ నాతోపాటే రిటైరయింది, పెన్షన్ లేకుండా. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు రైతుబజారు, నెలకోసారి డాక్టరు, ఏడాదికోసారి సింహాచలం. ఎంత సాగదీసి లెక్కేసినా ఏడాదికి 1,200 కిలోమీటర్లు దాటదు. మా బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. దాని ఎదురుగా 2017 నుంచి టీయూ-142 విమానం కూడా కదలకుండా ఉంది. ఆ వరసలో మూడోది మా సెల్లార్‌లో ఉంది. చూడ్డానికి టికెట్ పెట్టలేదంతే.

2021లో చివరిసారి ఆయిల్ మార్పించి, ఇంటికొచ్చి, కాగితం తీసుకుని లెక్క వేశాను. పదివేలను 1,200తో భాగిస్తే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. అప్పటికి మా మనవడికి పదేళ్లు. అంటే ఈసారి ఆయిల్ మార్చే వేళకు వాడే లైసెన్సు తీసుకుని, కారును షెడ్డుకు తోలుకెళ్తాడన్నమాట. ఆ ఖర్చు కూడా వాడి నాన్నదే. ఇంత చక్కటి జవాబు వచ్చాక మీ మాట వినాల్సిన అవసరం నాకు కనబడలేదు.

పైగా నేను కారును పట్టించుకోలేదని ఎవరైనా అంటే ఊరుకోను. ప్రతి ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లోకి దిగి, స్టార్ట్ చేసి, వాచీ చూసుకుంటూ సరిగ్గా ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచేవాడిని. వాచ్‌మన్ ప్రతి వారం గేటు తీసి, “ఎక్కడికండీ?” అని అడిగేవాడు. “ఎక్కడికీ కాదు” అని ప్రతి వారం నేను చెప్పేవాడిని. అతను మళ్లీ గేటు వేసేవాడు. ఆ ఐదు నిమిషాలూ బండికి వ్యాయామమని నా నమ్మకం. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు నన్ను చూసి మొదలుపెట్టారు కూడా. వాళ్లకు ఇంకా నిజం చెప్పలేదు.

అప్పుడప్పుడు ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి, గుడ్డతో తుడిచి, ముంచి చూసేవాడిని. ఆయిల్ మట్టం చుక్క తగ్గేది కాదు. ఒకసారైతే గీత కంటే కొంచెం పైకే వచ్చింది. ఖర్చు లేకపోగా సరుకు పెరుగుతోందని ఎంత మురిసిపోయానో మీకేం తెలుసు! “చూశావా, మన కారులో ఆయిల్ ఊరుతోంది” అని మా ఆవిడతో అంటే, ఆవిడ పప్పు పోపు వేస్తూ నా వైపు చూడనైనా చూడలేదు.

ఈ ఏడాది వానాకాలంలో ఒకరోజు ఎందుకో ఆయిల్ పోసే మూత తిప్పి తీశాను. మూత లోపల తెల్లగా, చిక్కగా, మీగడ తరక. నా గుండె జారిపోయింది. వెంటనే మద్దిలపాలెం మెకానిక్‌కు ఫోన్ చేశాను. కుర్రాడు వచ్చి, మూత వేలితో గీకి చూసి, “ఇదేటి మాస్టారూ, ఇంజన్లో మజ్జిగ పోశారేటి?” అన్నాడు. ఇంజన్ పైభాగంలో సీలులా ఉండే హెడ్ గ్యాస్‌కెట్ పోయి, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, అంటే కూలెంట్, ఆయిల్లో కలిసినా ఇలాగే కనబడుతుందని చెప్పి నా బీపీ ఇంకాస్త పెంచాడు. తర్వాత కూలెంట్ డబ్బా చూశాడు. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, వాటి మీద జిడ్డు లేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ లేదు. “గ్యాస్‌కెట్ కాదు. చెమ్మ” అని తేల్చాడు. “బండి ఎంత దూరం తిప్పుతారు?” అని అడిగాడు. రైతుబజారు అన్నాను. “మరి ఆదివారాలు?” సెల్లార్ అన్నాను.

ఆ తర్వాత అతను చెప్పింది విని, ఇంటికొచ్చి నాకు తెలిసిన కెమిస్ట్రీ తిరగేశాను. పెట్రోలులో హైడ్రోజన్ ఉంటుంది, అది మండితే నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పదో తరగతి పిల్లవాడు చెప్పగలిగిన ముక్క. నేనేమో తప్పంతా సముద్రపు గాలి మీదికి నెట్టేద్దామని చూశాను. విశాఖలో ఏది తుప్పు పట్టినా బంగాళాఖాతాన్ని తిట్టుకోవడం మాకు అలవాటు. ఉప్పుగాలికి, ఉక్కకు ఇందులో వాటా లేదనను కానీ, అసలు నీళ్లు నేను ఆదివారం ఆదివారం నిష్ఠగా తయారుచేసినవే. బండి వేడెక్కి ఉంటే అది ఆవిరై సైలెన్సర్ గుండా పోతుంది. చల్లగా ఉంటే కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారి, ఇంజన్ లోపలి చల్లటి ఇనుముకు చెమటలా పడుతుంది. నాలుగు బిందువులు ఆయిల్లో, నాలుగు బిందువులు మూతకు. అదే మీగడ.

ఐదు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు కొంచెం లేచేసరికి ఇంజన్ వేడెక్కిందనుకునేవాడిని. ఆ ముల్లు చెప్పేది కూలెంట్ సంగతి. ఆయిల్ దానికంటే బద్ధకస్తురాలు, ఆలస్యంగా వేడెక్కుతుంది. అందులో చేరిన నీళ్లు ఆవిరై పోవాలంటే అది బాగా వేడెక్కి, ఆ వేడి మీదే కొంతసేపు బండి రోడ్డు మీద పరుగెత్తాలి. సెల్లార్‌లో ఐదు నిమిషాలంటే నీళ్లు పుట్టించడానికి సరిపోతుంది, పోగొట్టడానికి చాలదు. ప్రతి వారం ఇంకో నాలుగు చుక్కలు పోసినట్టే.

ఇక ఊరిన ఆయిల్ కథ. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు కొంచెం ఎక్కువ మోతాదులో అందుతుంది. అందులో పూర్తిగా మండనిది సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పెరుగుతుంది. నేను మురిసిపోయిన ఆ అదనపు సరుకు పెట్రోలండీ, నా డబ్బులతో కొన్నదే! మెకానిక్ డిప్‌స్టిక్ నా ముక్కు దగ్గర పెట్టాడు. బంకు ముందు నిలబడ్డ వాసన.

ఇంత జరిగినా నేను తగ్గలేదు. “మూత తీయని ఆయిల్ డబ్బా నాలుగైదేళ్లు నిలవుంటుంది కదా, వాడని ఇంజన్లో ఎందుకుండదు?” అని ఆ రాత్రి మా ఆవిడ ముందు వాదన పెట్టాను. ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. “ఏమండీ, సంక్రాంతికి గారెలు వేసిన నూనె బాండీలోనే ఉంచేసి, మళ్లీ గారెలు వేయలేదు కదా అని వచ్చే సంక్రాంతికి అందులోనే వేస్తే తింటారా?” నాకు నోట మాట రాలేదు. సీలు తీయని ప్యాకెట్ వేరు, ఒకసారి కాగిన నూనె వేరు. ఇంజన్లో పోశాక ఆయిల్లోకి మసి చేరుతుంది, నీళ్లు, పెట్రోలు, ఆమ్లాలు చేరతాయి. వాటిని విరగ్గొట్టడానికి కంపెనీవాడు ఆయిల్లో కలిపిన మందులు కొద్దికొద్దిగా అరిగిపోతుంటాయి. బండి ఆగినా ఆ పని ఆగదు. మీరు 12 నెలలు అని గీత గీసింది ఇందుకేనని నాకు గారెల ద్వారా అర్థమైంది.

ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. డ్యాష్‌బోర్డు అరలో ఉండే కారు పుస్తకం మొదటిసారి తెరిచాను. అందులో ‘కఠిన పరిస్థితులు’ అని ఒక భాగం ఉంది. అలా నడిపే బండ్లకు ఆయిల్ ఇంకా ముందే మార్చాలట. కఠిన పరిస్థితులంటే లద్దాఖ్ కొండలు, రాజస్థాన్ ఎడారి అనుకుని పేజీ తిప్పేయబోయాను. చూస్తే పదేపదే చిన్నచిన్న దూరాలు వెళ్లడం, ఇంజన్ వేడెక్కకముందే ఆపేయడం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. వంకాయల కోసం రైతుబజారుకు వెళ్లడం కఠిన పరిస్థితి! ఎండాకాలం మధ్యాహ్నం గాజువాక దాకా ఆగకుండా వెళ్లే ట్యాక్సీవాడి ఆయిల్ నా ఆయిల్ కంటే సుఖంగా ఉందన్నమాట.

అలాగని మీ పేరు చెప్పుకుని బతికేవాళ్లందరికీ దండం పెట్టను. ఒక సర్వీస్ సెంటర్‌కు, పేరెందుకులెండి, ధర కనుక్కుందామని ఫోన్ చేశాను. ఆయిల్‌తో పాటు ఇంజన్ ఫ్లష్, ఇంకేదో కోటింగ్, మళ్లీ మూడు నెలలకు ఇంకోసారి ఆయిల్ అని చదివాడు. మూడు నెలలకు నేను తిరిగేది మూడు వందల కిలోమీటర్లు నాయనా అంటే, “అందుకే సార్” అన్నాడు. ఏమి లాజిక్! ఏడాదికోసారి ఆయిల్, దాంతోపాటే ఫిల్టర్, ఇంతవరకు మీ మాట వింటాను. సెల్లార్ పూజ మానేసి రోడ్డెక్కితే అంతకంటే ముందు మార్చే అవసరం నాకు రాదనే నా లెక్క.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. 2023లో అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉన్నాం. వెళ్లేముందు కారుకు కవరు కప్పాను, బ్యాటరీ వైరు ఊడదీశాను, ఎలుకలు రాకుండా కలరా ఉండలు వేశాను, దిష్టికి కొత్త నిమ్మకాయ కట్టాను. ఆయిల్ మాత్రం, ఎలాగూ కదలదు కదా, తిరిగొచ్చాక చూద్దాం అనుకున్నాను. తిరిగొచ్చాకా చూడలేదనుకోండి, అది వేరే విషయం. నిజానికి వెళ్లేముందే మార్చాలి. లేకపోతే ఆ నీళ్లు, ఆమ్లాలు కలిసిన పాత ఆయిలే ఆరు నెలలు బేరింగులను పట్టుకుని కూర్చుంటుంది. కొత్తది పోసి, కాస్త తిప్పి, అప్పుడు కవరు కప్పాలి. మా కాలనీలో సగం ఇళ్లకు తాళాలు, పిల్లలు డల్లాస్‌లో. ఈ ముక్క వాళ్లకెవరు చెప్తారో!

సరే, పోయిన బుధవారం పని పూర్తయింది. మూడున్నర లీటర్లు కిందికి దిగాయి. నల్లగా, పలచగా, పులుసులా. మెకానిక్ దాన్ని కాలవలో పోయకుండా డ్రమ్ములో పోసుకున్నందుకు సంతోషించాను, మా కాలవలన్నీ వెళ్లేది సముద్రంలోకే కాబట్టి. కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంది. ఆదివారం సెల్లార్ పూజ మానేసి, మా ఆవిడను ఎక్కించుకుని భీమిలి దాకా వెళ్లొచ్చాం. వాచ్‌మన్ “ఎక్కడికండీ?” అని అలవాటుగా అడిగాడు. “భీమిలి” అనగానే గేటు తీయడం మర్చిపోయి నిలబడిపోయాడు.

చివరిగా ఒక విషయం. కొత్త స్టిక్కర్ రాస్తూ మెకానిక్, “కిలోమీటర్లు ఎంత వేయమంటారు మాస్టారూ?” అని అడిగాడు. 24,130కి పదివేలు కలిపి 34,130 వేయమన్నాను. కుర్రాడు పెన్ను పట్టుకుని కాసేపు నా వైపు చూశాడు. “ఆ గడి ఎందుకులెండి” అని ఒక్క తేదీ రాసి అతికించేశాడు. కాబట్టి కొత్త స్టిక్కర్ మీద కిలోమీటర్లు లేవు, ‘లేదా’ లేదు, మీరూ లేరు. నాలుగేళ్లు పక్కనే ఉన్నవారికి చెప్పకుండా పంపేయడం మర్యాద కాదని ఈ ఉత్తరం రాశాను.

ఇట్లు
మీ మాట ఆలస్యంగా విన్న
ఒక లెక్కల మాస్టారు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

తా.క.: మా స్కూటర్ సీటు కింద కూడా మీ తమ్ముడు ఒకరున్నారని నిన్ననే తెలిసింది. ఆ బండి చివరిసారి స్టార్టయింది ఎప్పుడో మా ఆవిడకూ గుర్తులేదు. ఆయనకు విడిగా రాస్తాను.