కూలర్‌లో ఐసు వేస్తే ఏసీ అవుతుందా?

మా ఫ్యామిలీ గ్రూపులో ఈ ఎండాకాలం నాలుగోసారి అదే మెసేజ్: "కూలర్ ట్యాంకులో ఐసు వేయండి, తలుపులూ కిటికీలూ బిగించండి, ఏసీతో పనే లేదు. ట్యాంకు ఎంత పెద్దదైతే అంత చల్లదనం. ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది." నాలుగు మాటల్లో నాలుగూ తప్పే.

ముందు ఐసు సంగతి. కూలర్ గాలిని చల్లబరిచేది నీళ్ల చల్లదనంతో కాదు, నీళ్లు ఆవిరవడంతో. మట్టికుండ చేసే పనే. కిలో నీళ్లు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి లాగుతాయి. కిలో ఐసు కరగడానికి లాగేది 334. ట్రేల మీద ట్రేలు పెట్టి 5 కిలోలు గడ్డకట్టించినా, కరిగిన చల్లనీళ్లను కూడా కలిపినా, లీటరు నీళ్లు ఆవిరైనంత ఫలితం రాదు. పొడి ఎండలో గదికి సరిపడే కూలర్ ఆ లీటరును అరగంటలోపే తాగేస్తుంది. పైగా ఆ ఐసు చేయడానికి ఫ్రిజ్ వెనకనుంచి వదిలిన వేడి మీ ఇంట్లోనే ఉంటుంది.

తలుపులు బిగించడం ఇంకా అన్యాయం. లోపలి గాలినే మళ్లీ మళ్లీ తడిపితే గంటలో దుప్పటి జిగటపడుతుంది. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి.

ట్యాంకు పెద్దదైతే మాటిమాటికీ బకెట్ మోయక్కర్లేదు, అంతే. కొనేటప్పుడు చూడాల్సింది ప్యాడ్ల మందం, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి విసురుతుందో ఆ అంకె. 10×12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అంటే దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు 30 సార్లు గాలి మారాలనుకుంటే వెయ్యి దాకా కావాలి. బోరునీళ్లయితే ప్యాడ్లకు తెల్లటి ఉప్పు పట్టేస్తుంది, కడుగుతూ ఉండాలి. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి తోమండి, డెంగీ దోమకు అంత మంచి ఇల్లు దొరకదు.

ఇక "ఏ ఊళ్లోనైనా". రామగుండంలో మే మధ్యాహ్నం 44 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. మంచి ప్యాడ్లున్న కూలర్ నుంచి 29, 30 డిగ్రీల గాలి వస్తుంది. అదే విశాఖలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 31కి తగ్గడమే గొప్ప. ఆ 31 కూడా చెమట ఆరనివ్వని తడిగాలి.

మా అక్కావాళ్లు కరీంనగర్ నుంచి కాకినాడకు ట్రాన్స్‌ఫరైనప్పుడు కూలర్‌ని కూడా లారీ ఎక్కించారు. అక్కడ రెండు నెలలు సెలవుల్లేకుండా తిరిగింది. గూట్లో అప్పడాలు మెత్తబడ్డాయి, తువ్వాళ్లు ముక్కవాసన కొట్టాయి. ఇప్పుడు అక్క పంపు ఆపేసి దాన్ని ఉత్త ఫ్యానుగా వాడుతోంది. గాలి మాత్రం బాగా వేస్తుందట.