గ్లైడర్ ధర: కొత్తది ఎందుకు అందదు, పాతది ఎందుకు తగ్గదు

ఇంజిన్ లేని విమానం కాబట్టి గ్లైడర్ చవకగానే దొరుకుతుందన్న మాట హైదరాబాద్‌లో విమానయానం మీద ఆసక్తి ఉన్నవారి నోట తరచూ వినిపిస్తుంది. ధరలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. జర్మనీలోని అలెగ్జాండర్ ష్లైఖర్ సంస్థ తయారుచేసే రెండు సీట్ల శిక్షణ గ్లైడర్ ఏఎస్‌కే 21 కొత్తది కావాలంటే లక్ష యూరోలకు పైనే చెల్లించాలి. రవాణా, సుంకాలు కలపకముందే అది మన లెక్కలో కోటి రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. అంతకంటే ఆశ్చర్యం కలిగించేది పాతవాటి ధర. అదే మోడల్‌లో 1980లలో తయారై, వేల గంటలు ఎగిరిన గ్లైడర్ కూడా కొత్తదాని ధరలో మూడో వంతుకు తగ్గకుండా, ఒక్కోసారి సగానికి అమ్ముడవుతోంది. నలభై ఏళ్ల నాటి కారుకు ఎవరూ అంత ఇవ్వరు.

గ్లైడర్ తయారీ ఈనాటికీ చేతిపనిగానే మిగిలిపోవడం దీనికి మొదటి కారణం. 1957లో జర్మనీలో ఎగిరిన ఫీనిక్స్ గ్లైడర్‌తో ఫైబర్‌గ్లాస్ యుగం మొదలైంది. అంతకుముందు చెక్కతో చేసిన కే 6 లాంటి మంచి గ్లైడర్ ఒక కిలోమీటరు ఎత్తు నుంచి ముప్ఫై కిలోమీటర్ల దాకా జారుతూ వెళ్లగలిగేది. ఫైబర్‌గ్లాస్‌తో రెక్క పైపొర అద్దంలా నున్నగా రావడంతో ఆ దూరం నలభై కిలోమీటర్లకు చేరింది. అయితే ఆ నునుపు యంత్రం నుంచి వచ్చేది కాదు. రెక్క పై సగం, కింది సగం వేర్వేరు అచ్చుల్లో పరిచి, రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు) పట్టించి, రెండింటినీ అతికించాక, అతుకు కనిపించకుండా కార్మికులు వందల గంటల పాటు సాన కాగితంతో రుద్దుతారు. జర్మనీలో నైపుణ్యమున్న కార్మికుడి గంట వేతనం పెరిగినంత కాలం గ్లైడర్ ధర పెరగక తప్పదు. నేటి కొనుగోలుదారుల్లో చాలామంది సొంతంగా పైకి లేవడానికో, గాలి ఆసరా దొరకనప్పుడు తిరిగి ఇల్లు చేరడానికో చిన్న ఇంజిన్ కూడా అడుగుతున్నారు. అప్పుడు ధర ఇంకా పెరుగుతుంది.

రెండో కారణం మారకపు విలువ. దీన్ని తక్కువగా అంచనా వేస్తున్నామని నా అభిప్రాయం. యూరోకు ముందు జర్మనీ కరెన్సీ మార్కు. 1970లో డాలరుకు మూడున్నర మార్కులకు పైగా వచ్చేవి. 1995 నాటికి ఒకటిన్నర కూడా రాలేదు. అంటే జర్మనీలో ధర ఒక్క మార్కు కూడా పెరగకపోయినా, అమెరికాలో కొనేవారికి అది రెండింతలు దాటినట్టే. రూపాయి పరిస్థితి మరీ కఠినం. 1980లో మార్కు దాదాపు నాలుగు రూపాయల పై చిల్లర ఉండేది. ఒక యూరో అంటే 1.95583 మార్కులు కాబట్టి, అప్పటి ఎనిమిదిన్నర రూపాయల విలువ ఇవాళ తొంభై దాటింది. మనకు కనిపించే పెరుగుదలలో పదింతలు కేవలం రూపాయి పతనం నుంచి వచ్చినవే.

ధర తగ్గించే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1970లలో గ్రోబ్ సంస్థ ఆస్టిర్ గ్లైడర్లను వందల సంఖ్యలో వరుసగా తయారుచేసి, సామాన్య క్లబ్బులకు అందేలా చూసింది; తర్వాత ఆ రంగం నుంచే తప్పుకుంది. అంతర్జాతీయ గ్లైడింగ్ సంఘం చవకైన ఒకే నమూనాతో పోటీలు పెట్టాలని ‘వరల్డ్ క్లాస్’ను రూపొందించి, 1990లలో పోలండ్‌కు చెందిన పీడబ్ల్యూ 5ను ఎంచుకుంది. దాదాపు అదే ధరకు అంతకంటే బాగా ఎగిరే సెకండ్ హ్యాండ్ గ్లైడర్ దొరుకుతుంటే, కొత్తదన్న ఒక్క ఆకర్షణతో దాన్ని కొనేవారు ఎక్కువగా దొరకలేదు. 2006లో తన మొదటి గ్లైడర్ జేఎస్ 1ను ఎగరేసిన దక్షిణాఫ్రికాలోని జాంకర్ సంస్థ కూడా, అక్కడి వేతనాలు తక్కువైనా, జర్మన్ ధరల స్థాయిలోనే అమ్ముతోంది. ఏటా తయారయ్యే సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు అచ్చులు, పరీక్షలు, ధ్రువీకరణ ఖర్చు మొత్తం ఆ కొద్ది గ్లైడర్ల మీదే పడుతుంది.

పాతవాటి ధర నిలబడటానికి మూలం కూడా ఇక్కడే ఉంది. 1980లో వచ్చిన ఎల్‌ఎస్ 4 అనే ఒక సీటు గ్లైడర్ కిలోమీటరు ఎత్తు నుంచి నలభై కిలోమీటర్లు జారుతుంది. అదే తరగతిలో ఆ తర్వాత ఇరవై ఏళ్ల పరిశోధన అదనంగా ఇచ్చింది నాలుగైదు కిలోమీటర్లే. కొత్తది ఖరీదైన కొద్దీ, దాదాపు అంతే పనిచేసే పాతదానికి గిరాకీ పెరుగుతుంది. అయితే పాతవన్నీ ఒకటి కావు. పైపూత జెల్‌కోట్ పగుళ్లు బారితే మొత్తం గీకి మళ్లీ వేయాలి. ఆ పని ఖర్చు చిన్న గ్లైడర్ ధరను మించిపోవచ్చు. రెసిన్ వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఈ నిర్మాణాల బలాన్ని 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర పరీక్షిస్తారు, తెల్లరంగు వేసేదీ అందుకే. మే నెల ఎండలో మన దగ్గర షెడ్డు లేకుండా నిలిపితే ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఎగరడానికి అనుమతి ఇచ్చే కాగితం విలువ ఎంతో బ్లానిక్ ఎల్ 13 చరిత్ర చెబుతుంది. చెకోస్లొవేకియాలో 1956లో పుట్టి, రెండున్నర వేలకు పైగా తయారైన ఈ లోహపు గ్లైడర్ ప్రపంచమంతటా పేద క్లబ్బులకు ఆధారంగా ఉండేది. 2010 జూన్ 12న ఆస్ట్రియాలో ఒక బ్లానిక్ రెక్క గాలిలోనే విరిగి ఇద్దరు మరణించారు. వెంటనే వాటన్నిటినీ నేలకు దించేశారు. నిన్నటి దాకా మంచి ధర పలికిన గ్లైడర్ ఒక్క ఆదేశంతో పాత అల్యూమినియంగా మిగిలింది. మరమ్మతు మార్గాలు తర్వాత వచ్చినా అవి ఖర్చుతో కూడుకున్నవే. తయారీదారు మద్దతు, ధ్రువపత్రం, విడిభాగాలు నిలిచి ఉన్న నమూనాకే ధర నిలుస్తుంది.

మన దేశం రోహిణి, ఆర్ద్ర గ్లైడర్లను సొంతంగా రూపొందించి, హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో తయారుచేసింది. ఆ పరంపర తెగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో సీ 130జే రవాణా విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్‌లు (ప్రధాన దేహాలు) తయారవుతున్నాయి. ఇంత నైపుణ్యమున్న నగరానికి శిక్షణ గ్లైడర్ తయారీ అసాధ్యం కాదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ లాంటి పెద్ద కొనుగోలుదారు ముందుగా ఆర్డరు హామీ ఇస్తేనే అచ్చుల ఖర్చుకు న్యాయం జరుగుతుంది. అప్పటి వరకు ఇక్కడ క్లబ్బు పెట్టాలనుకునేవారు మొదట షెడ్డుకు డబ్బు కేటాయించాలి. ఆ తర్వాత కొన్ని వేల యూరోలకే దొరికే చెక్క గ్లైడర్ జోలికి వెళ్లకుండా, మూడు వేల గంటలు ఎగిరాక చేయాల్సిన తనిఖీ పూర్తయి, తయారీదారు ఇంకా వ్యాపారంలో ఉన్న రెండు సీట్ల ఫైబర్‌గ్లాస్ గ్లైడర్‌ను ట్రైలర్‌తో సహా బేరమాడాలి.