ఆకులో చింపుడు శాఖ ఎందుకండీ?

ఆకు పాలనలో ఇంత దుబారా జరుగుతుంటే ఎవరూ నోరు మెదపరేం? జన్యువు శ్రమపడి, ప్రొటీన్ తయారు చేయమంటూ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే ఉత్తర్వు రాయిస్తుంది. అది కేంద్రకం దాటిందో లేదో, 21 అక్షరాల మైక్రో ఆర్‌ఎన్‌ఏ చీటీ ఒకటి ఆర్గోనాట్-1 ప్రొటీన్‌ను వెంటేసుకుని వచ్చి, తన 10, 11 అక్షరాలకు ఎదురుపడిన చోట దాన్ని రెండు ముక్కలు చేసిపోతుంది. రాయడానికొక శాఖ, చించడానికొక శాఖ! అసలు రాయకుండా ఉంటే పోయేదిగా?

ఆ చీటీ తయారీ ఖర్చు కూడా చూడండి. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తన మీదికి తానే మడతపడి తలపిన్నులా అవుతుంది. డైసర్ లైక్-1 అనే ఎంజైమ్ దాన్ని కోసి 21 అక్షరాల జంటపోగు తీస్తుంది. హెన్-1 అనే మరో ఎంజైమ్ కొసలకు మిథైల్ ముద్ర వేస్తుంది. ముద్ర పడకపోతే కొసకు యు అక్షరాల తోక తగులుకుని చీటీ తుక్కవుతుంది. ఇంతా చేసి రెండు పోగుల్లో ఒకటే వాడకానికి, రెండోది చెత్తలోకి.

కనుక ఈ శాఖను ఎత్తేయాలి. అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాలల చిన్న మొక్కలో ఈ సంస్కరణ ఎప్పుడో మొదలైంది కూడా. అక్కడ ఫాబ్యులోసా జన్యువుకు అధికారం ఆకు పైవైపు మాత్రమే. అడుగువైపు దాని ఉత్తర్వు కనబడితే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 166 చించేస్తుంది. చీటీ అతుక్కునే చోట ఒక్క అక్షరం మారితే చాలు, పట్టు తప్పుతుంది, ఫాబ్యులోసా అడుగున కూడా రాజ్యమేలుతుంది. ఇక ఆకంతా పైవైపే! అయితే ఆకు రేకు వెడల్పుగా సాగేది పైవైపూ అడుగువైపూ కలిసే సరిహద్దులో. సరిహద్దే లేదు కనుక ముదిరిన కేసుల్లో ఆకు పుల్లలా మిగులుతుంది. పుల్లకు స్థలం తక్కువ పడుతుంది, అదీ పొదుపే.

ఫాబ్యులోసా ప్రొటీన్ చెడిపోయి ఇలా అయిందని మొదట్లో అనుకున్నారు. చీటీ అతుక్కునే ఆ అక్షరాలు రాసేది ప్రొటీన్‌లోని స్టార్ట్ అనే భాగాన్ని కాబట్టి, అనుమానం దాని మీదికి పోయింది. తర్వాత అమైనో ఆమ్లం ఒక్కటీ మారకుండా అక్షరాలు మాత్రమే మార్చి చూశారు. ప్రొటీన్ చెక్కుచెదరలేదు, ఆకు మాత్రం మళ్లీ చెడింది. నేరం చీటీ పట్టు తప్పడానిదేనని తేలింది. శాఖ పలుకుబడి అంతుందన్నమాట.

పైవైపు దుబారా ఇంకా ఘోరం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 390 అనే చీటీ ఆర్గోనాట్-7 భుజమెక్కి టాస్-3 అనే ఆర్‌ఎన్‌ఏను కోయిస్తుంది. ఆ ముక్కను జంటపోగు చేసి, 21 అక్షరాలకొక కోత చొప్పున తరిగి, కొత్త చీటీలు పుట్టిస్తారు. అంటే చీటీ పుట్టించే చీటీ! ఇవి పైనుంచి అడుగుకు కణం దాటి కణంలోకి నడుస్తాయి, దారిలో పలచబడతాయి. అందుకే ఇవి చించే ఏఆర్‌ఎఫ్-3 అనే జన్యువు ఉత్తర్వు అడుగున మాత్రమే బతికి బట్టకడుతుంది. ప్రయాణ భత్యం ఎవరిస్తున్నారో ఎవరూ అడగరు.

శాఖను పెంచినా తంటాయే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 319 మోతాదు మించితే టీసీపీ జన్యువుల నోరు మూతపడుతుంది, ఆకు అంచు ఎదుగుదల ఆపాల్సిన వేళకు ఆపదు, కుచ్చిళ్లు పడుతుంది.

ఇక పూర్తి రద్దు సంగతి. 1998లో వెల్లడైన ఆర్గోనాట్-1 లోపమున్న మొక్కల ఆకులు సన్నటి గొట్టాల్లా ఉండటంతో, చూసినవాళ్లు ఒక చిన్న ఆక్టోపస్ పేరు పెట్టారు. ప్రొటీన్‌కు ఆ పేరే స్థిరపడింది. లోపం తీవ్రమైతే ఆ మొక్క గింజ కట్టదు. కాబట్టి వచ్చే ఏడాది బడ్జెట్ బెడదే లేదు.