ఎడమ వెనక చక్రం డ్రమ్ము గారికి

మహారాజశ్రీ బ్రేకు డ్రమ్ము గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా నడుము, మేస్త్రి మోచెయ్యి తప్ప అందరం క్షేమం. తమరూ కులాసాగా, కదలకుండా ఉన్నారని నిన్న సాయంత్రం దాకా కళ్లారా చూశాం.

టాటా వాళ్లు బెంజి వాళ్లతో కలిసి లారీలు చేసిన 1954-69 కాలం నాటి బండి మనది. నాన్న దాని మీద ఇస్కపల్లి ఉప్పు తోలాడు. ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉంటుందంటారు. తమరు తిన్న ఉప్పంతా తుప్పు చేసుకున్నారు.

నా అసలు కోపం అది కాదు. శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగేటప్పుడు నాన్న పెడల్ తొక్కీ తొక్కీ, తమరు వేడెక్కి, ఉబ్బి, లోపలి నుంచి తమరిని ఒత్తి చక్రాన్ని ఆపాల్సిన బ్రేకు షూలకు అందకుండా పక్కకు జరిగేవారు. పెడల్ నేలకి తగిలేది. నాన్న సగం గేరుతో, సగం మల్లన్న దయతో దిగేవాడు. అప్పుడు పట్టుకోమంటే పట్టుకోలేదు. ఇప్పుడు, ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి నుంచి తమరిని ఊడదీయబోతే, వదలమంటే పట్టుకున్నారు!

చక్రం నట్ల దగ్గరే నా పరువు పోయింది. పైపు తగిలించి ఇద్దరం ఎక్కి తొక్కాం. ఎడమ పక్క చక్రాలకు లెఫ్ట్ త్రెడ్డు, అంటే తిరగేసి తిప్పితేనే ఊడే మర, అని మేస్త్రి వచ్చి చెప్పేదాకా, గంటసేపు మేం బిగిస్తూనే ఉన్నామని తెలీదు. నట్టు ఎక్కే బోల్టు, స్టడ్, ఒకటి విరిగింది. ఆ లెక్క నా ఖాతాలోదే, ఒప్పుకుంటాను.

తర్వాత కిరోసిన్ తాగించాం, సుత్తితో పలకరించాం. అంగుళం బయటికొచ్చి ఆగారు. నెల్లూరు ఆటోనగర్‌లో తల నెరిసిన మేస్త్రి టార్చి వేసి చూసి, "ఇది గట్టు తగాదా అబ్బయా" అన్నాడు. షూలు ఏళ్ల తరబడి తమరి కడుపు అరగదీసి గుంట చేశాయి, అంచు మాత్రం గట్టులా మిగిలింది. షూలు దాన్ని దాటలేవు, తమరు దాటనివ్వరు. వెనక ప్లేటు సందులోంచి, షూలను తమరికి దగ్గరా దూరం చేసే అడ్జస్టర్ వదులు చేసి షూలను లోపలికి లాగాడు. కిరోసిన్ శుభ్రంగా తుడిపించి, ఆ రాత్రి ఆరనిచ్చి, పొద్దున చుట్టూ మంట చూపించాడు. తమరు మళ్లీ ఉబ్బారు. ఘాట్‌లో చేసిన ద్రోహమే ఇక్కడ మాకు పనికొచ్చింది. నాలుగు దెబ్బలకు ఊడి వచ్చారు.

లోపల నల్లటి దుమ్ము. కుర్రాడు ఊదబోతే మేస్త్రి వీపు మీద ఒక్కటిచ్చాడు. షూల మీద రాపిడికి వేసే పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచాం. ఒక స్ప్రింగు తెగింది, షూలను తోసే సిలిండర్ కారుతోంది, లైనర్ రివెట్ల దాకా అరిగింది. డ్రమ్ముల లోపల కోసి నునుపు చేసే లేత్ అతను తమరిని కొలిచి, ఇంకొక్క కోత పడినా పగులుతుందన్నాడు. పాతసామాను కొట్టువాడు కిలో లెక్కన అడుగుతున్నాడు. తమరి బరువు చూసి మురిసిపోయింది ఇతనొక్కడే.

వెళ్లేలోపు కుడి పక్కనున్న తమ్ముడు గారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆదివారం వస్తున్నాం. అటువైపు నట్లు మామూలుగానే తిరుగుతాయట. ముందే కనుక్కున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఓనరు