వారానికోసారి విశాఖ వేళ

బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచే నా ఆటోమేటిక్ వాచీ రోజుకి 25 సెకన్లు ముందుకు పోతుంది. దీన్ని లోపమనేవాళ్లలో మా బావమరిది మొదటివాడు. వాడి చేతికున్నది పూర్ణా మార్కెట్లో కొన్న నాలుగొందల బ్యాటరీ వాచీ. లోపల ఓ క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు వణుకుతుంటుంది. నెలంతా కలిపినా తేడా 15, 20 సెకన్లు దాటదు. అంత భయంభయంగా బతికే వస్తువుకి పరువేముంటుంది? నా వాచీ చక్రం సెకనుకి ఆరంటే ఆరుసార్లు కొట్టుకుంటుంది. గంటకి 21,600. నింపాదిగా.

లెక్క కూడా తేల్చేద్దాం. రోజుకి 86,400 సెకన్లు. అందులో 25 తప్పితే మిగిలింది 99.97 శాతం. ఈ ఊళ్లో పిల్లాడికి ఇంటర్లో అంత శాతం వస్తే మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఫ్లెక్సీలు కడతారు. వాచీకి వస్తే మాత్రం "రిపేరుకిచ్చెయ్ బావా" అంటారు. నా వాచీ లాంటి వాటి లోపల విరివిగా ఉండే జపాన్ యంత్రాలు, మియోటా 8215, ఎన్‌హెచ్ 35 లాంటివి, ముందే కాగితం మీద ఒప్పేసుకున్నాయి: రోజుకి 20 సెకన్లు వెనక్కయినా 40 ముందుకయినా మామూలేనని. ఖచ్చితమైన వాచీ అని స్విట్జర్లాండ్ వాళ్లిచ్చే క్రోనోమీటర్ పట్టా కావాలంటే రోజు సగటు 4 వెనక, 6 ముందు మధ్యలో ఉండాలి. ఆ పట్టా ఉన్న వాచీ ధర విన్నాక నా 25 సెకన్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక ఆచారాలు. దీనికి వర్జ్యం ఉంది: రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ మార్చరాదు. ఆ వేళ తేదీ చక్రాన్ని పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ప్రతి నెలకీ 31 రోజులేనని దాని గట్టి నమ్మకం, ఏడాదికి అయిదుసార్లు మనమే సర్దిచెప్పుకోవాలి. అయస్కాంతం తగిలితే చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని పరుగందుకుంటుంది. పడుకోబెట్టే తీరుని బట్టి కూడా నడక మారుతుంది. డయల్ పైకి ఉంటే ఒకలా, కీ కిందికి ఉంటే ఇంకోలా. మొన్న అర్ధరాత్రి లేచి దాన్ని పక్కకి ఒత్తిగిలించి, దొర్లిపోకుండా అమృతాంజనం సీసా ఆనించాను. మా ఆవిడ లైటు వేసి చూసింది. ఏమీ అనలేదు. పెళ్లయినవాళ్లకి ఆ 'ఏమీ అనకపోవడం' గురించి నేను చెప్పక్కర్లేదు.

మర్నాడు డాబాగార్డెన్స్‌లో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తీసి, చాలాసేపు చూశాడు. ఉఫ్ అని ఊది మూత పెట్టేశాడు. "బాగానే ఉంది బాబూ. అంత ఖచ్చితంగా తవరెక్కడికెల్లాలేటి?"

జవాబు దొరకలేదు గానీ, అదే డాబాగార్డెన్స్‌లో నిలబడి ఉండగా నాకు అసలు సంగతి వెలిగింది. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు నక్షత్రాల్ని పరిశీలించే సొంత వేధశాల పెట్టింది అక్కడే. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నాటించి ఊరందరికీ వేళ తెలియజేసిన మహానుభావుడాయన. అది విశాఖ సొంత వేళ. 1906లో దేశమంతటికీ ఒకే సమయం వచ్చింది. దాన్ని లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశపు గీత తుని దరిదాపుల్లోంచి పోతుంది. మనం దానికి ముప్పాతిక డిగ్రీ తూర్పున ఉన్నాం, సూర్యుడు మనకి దాదాపు మూడు నిమిషాలు ముందు. అంటే నూరేళ్లు దాటింది, విశాఖ తుని టైముతో కాపురం చేస్తోంది! ఎవరైనా ధర్నా చేశారా?

నా వాచీ చేస్తోంది. సోమవారం పొద్దున్న ఫోను చూసి కలుపుతాను. రోజుకి 25 చొప్పున వారం తిరిగేసరికి 175 సెకన్లు, మూడు నిమిషాలకి అయిదు సెకన్లు తక్కువ. తుని పెత్తనం వదిలించుకుని నికార్సయిన విశాఖ వేళ చూపిస్తుంది. ఆ ఘడియలో డాల్ఫిన్స్ నోస్ మీద మళ్లీ జెండా ఎగరేయాలని నగరపాలక సంస్థకి అర్జీ రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"శుక్రవారం రాత్రి తీసి బల్ల మీద పడేస్తారు. చెయ్యి కదిలితేనే కదండీ దానికి కీ ఎక్కేది? నలభై గంటలకి నిద్రపోతుందని మీరే చెప్పారు. ఆదివారం రెండింటికల్లా ఆగిపోతోంది. ఇంక వారం తిరిగేదెప్పుడు?"

అర్జీలో 'వారం' అన్నచోట కొట్టేసి, ఏం రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.