మా ఊరి దేశభక్తిని కాపాడండి

మా ఊళ్లో ఒక మొగుడూ పెళ్లాల వల్ల దేశభక్తి దెబ్బతింటోంది. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఇద్దరూ రిటైరైనవాళ్లు. ఎదురుపడితే "కాఫీ తాగి వెళ్లండి" అనే రకం. అలాంటివాళ్ల మీద కలం ఎత్తాలంటే మొహమాటంగానే ఉంటుంది. కానీ మొహమాటానికి పోతే దేశం ఏమైపోవాలి?

ముందు నా అర్హత చెప్పుకోవాలి. కోనసీమలో, గోదావరి పాయలు గౌతమికీ వైనతేయకీ మధ్య, కాలవ గట్టు మీదున్న మా ఊళ్లో సైనిక సన్మాన కమిటీకి నేను కన్వీనర్ని. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. మాకు అంత పేరు లేదు గానీ, ఫ్లెక్సీల దగ్గర మమ్మల్ని కొట్టేవాళ్లు లేరు. ఆగస్టు 15కీ జనవరి 26కీ మైకు నాదే. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినమని ఊళ్లో మొదట కనిపెట్టిందీ నేనే. 1949 నుంచీ దేశమంతా జరుపుతున్నారట, మా ఊరికి మాత్రం నేను చెప్పాకే తెలిసింది. ఆ రోజు చిన్న జెండా బొమ్మ జేబుకి గుచ్చుకుని, హుండీలో నోటు వేస్తూ ఫొటో దిగుతాను. ఫొటో సరిగా రాకపోతే నోటు బయటికి తీసి మళ్లీ వేస్తాను.

వంశం సంగతి కూడా వినండి. మా బాబాయి సైన్యంలో పనిచేశాడు, 1971 యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఆయన ఫొటో లేకుండా నేను ఒక్క ఫ్లెక్సీ కూడా వేయించలేదు. పైన కుడి మూల ఆయన, మధ్యలో నేను. నా బొమ్మ కొంచెం పెద్దది. ఆయన పోయాడు, నేను ఉన్నాను కదా.

ఇక వాళ్ల సంగతి. ఆయన పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. ఆవిడ హైస్కూల్లో హిందీ టీచరు. మర్యాదగా ఏ గుడి కమిటీలోనో చేరి, సాయంత్రం పూట వంతెన పిట్టగోడ మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకోవాల్సిన వయసు. అలాంటిది ఇంటి అరుగు మీద ఒక బల్ల, ఒక రేకు పెట్టె, ఒక జెరాక్స్ మిషను పెట్టుకుని మిలటరీ వాళ్ల ఇళ్ల కాగితాలు చూస్తున్నారు. పైసా తీసుకోరు. గొడవంతా అక్కడే మొదలైంది.

పైసా తీసుకోకపోతే ఊరు ఎలా నడుస్తుందండీ? ఇదివరకు మిలటరీ పింఛను పనులు చేసిపెట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఎరియర్స్ వస్తే అందులో పావలా వాటా ఆయనది. ఆ వాటాలోంచి ఏటా మా కమిటీకి ఫ్లెక్సీ ఖర్చులు ఇచ్చేవాడు. భర్త పోయిన మనిషి పింఛను దగ్గర్నుంచి మా సభ దాకా ఎంత సూటిగా కాలవ తవ్వి ఉందో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన కాటన్ దొర కూడా మెచ్చుకునే ఏర్పాటు. ఈ దంపతులు వచ్చి లాకు తలుపులు మూసేశారు. ఆ పెద్దమనిషి ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారం చేసుకుంటున్నాడు. అందులో నిజంగానే కాయలు మొయ్యాలట, పాపం.

వీళ్ల చేతిలో భూగోళం కూడా పాడైంది. నాసిక్ అంటే మనకి ఉల్లిపాయలు. ఆ అరుగు మీద ఫిరంగి దళం రికార్డ్స్ ఆఫీసు. ప్రయాగ అంటే మనకి త్రివేణీ సంగమం, వాళ్లకి పింఛను ఆఫీసు. ఊటీ పక్కన వెల్లింగ్టన్ అంటే కొత్త జంటలు ఫొటోలు దిగే చోటనుకుంటాం, వాళ్లు మద్రాస్ రెజిమెంట్ అంటారు. సికింద్రాబాద్ అంటే ఈఎంఈ, సైన్యంలో యంత్రాలు బాగుచేసే దళం. అమలాపురం దాటి ఎరగని ముసలమ్మ "మన ఫైలు ఇంకా నాసిక్‌లోనే ఉందంటండి, ఆయ్" అంటుంటే పక్కనున్నవాడికి ఏమైనా అర్థమవుతుందా?

ఆఫీసులకి ఫోన్లు టీచరుగారి డిపార్ట్‌మెంటు. ఆవిడ దగ్గర హిందీ చదివి పాసైనవాళ్లలో నేనూ ఒకణ్ని, ఇప్పటికీ నాకు 'జై హింద్' తప్ప రాదు. ఒకసారి అవతలి గుమాస్తా "మాతాజీ, ఫైల్ మిల్ నహీ రహా" అన్నాడు. "ఫైలు స్త్రీలింగం బాబూ, 'మిల్ నహీ రహీ' అనాలి" అని సరిదిద్దారు. కాసేపు నిశ్శబ్దం. ఆ సాయంత్రానికి ఫైలు దొరికింది. పొరపాటున పుల్లింగంలో వెతికారేమో!

ఇప్పుడు అసలు కేసుకి వస్తాను. మా ఊళ్లో ఒకావిడ ఉంది. పేరు రాయను గానీ చివర లక్ష్మి ఉంది. అంతమాత్రానికి ఎవరో మీకు తెలిసిపోదు, కోనసీమలో రాయి విసిరితే ఏదో ఒక లక్ష్మి ఇంటి పెంకు మీదే పడుతుంది. ఆవిడ భర్త పెళ్లి చేసుకుని, సెలవైపోయి వెనక్కి వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా భార్య పేరు అడిగాడు. ఈయన మన పద్ధతిలో ఇంటిపేరు ముందు చెప్పి, చివర 'లచ్చిమి' అన్నాడు. ఆ గుమాస్తా ఏ ఊరివాడో, ఇంటిపేరే పేరనుకుని, చివర తనకు వినపడినట్టు 'లచ్మీ' అని ఇంగ్లీషులో టైపు కొట్టాడు. అలా ఒక కొత్త స్త్రీ పుట్టింది. సైన్యం లెక్కల ప్రకారం ఆయన ఆవిడతోనే కాపురం చేశాడు. ఇక్కడ కట్టెల పొయ్యి ఊదింది మాత్రం ఈవిడ.

ఆయన పోయాక సంగతి తేలింది. ఫ్యామిలీ పింఛను లచ్మీకి రావాలి. ఆధార్ కార్డు లక్ష్మికి ఉంది. లచ్మీ పుట్టినరోజు ఒకటి, లక్ష్మి పుట్టినరోజు జనవరి 1. (మా ఊరి ముసలాళ్లలో చాలామంది జనవరి 1నే పుట్టారు. తేదీ తెలియనివాళ్లందరికీ ఆధార్ వాళ్లు ఒకే రోజు పురుడు పోశారు.) ఇది చాలదన్నట్టు డిశ్చార్జి బుక్కులో ఊరు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. ఆవిడ కదల్లేదు, ఇల్లు కదల్లేదు, పెరట్లో కొబ్బరిచెట్టు కదల్లేదు. జిల్లా కదిలింది.

నాబోటి వాడైతే ఇలాంటి కేసుకి ఒక ఖండన ప్రకటన ఇచ్చి ఊరుకునేవాడు. పోస్టుమాస్టారు ఏం చేశారంటే, ఆవిడ ట్రంకుపెట్టె తెరిపించారు. అడుగున పాత ఇన్‌లాండ్ కవర్లు, 56 ఏపీవో అనే సైనిక పోస్టాఫీసు ముద్రతో. మీద 'చి.ల.సౌ.' అని పెట్టి ఆవిడ పేరు, ఒత్తులతో సహా సరిగ్గా, భర్త చేతిరాతలో. వెనక మా ఊరి పోస్టాఫీసు ముద్ర. అది కొట్టింది ఎవరనుకున్నారు? ఈ పోస్టుమాస్టారే, కుర్రతనంలో. "ముద్ర వంకరగా పడింది" అని ఇప్పుడు బాధపడ్డారట. ఆ కవర్లు, శుభలేఖ, రేషన్ కార్డు, ఇద్దరు లక్ష్ములూ ఒకరేనని నోటరీ అఫిడవిట్, అన్నీ కుట్టి సైనిక సంక్షేమ కార్యాలయానికి బస్సులో తిరిగారు. ఒకసారి సంతకం ఉండి ముద్ర లేదు, ఒకసారి ముద్ర ఉండి తేదీ లేదు. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడకి ఎలా గడిచిందని టీచరుగారిని అడిగాను. "మా ఎసట్లోనే ఇంకో గుప్పెడు బియ్యం పోశాను" అన్నారు. రసీదు ఉందా అంటే లేదు.

ఇందులో నాకు జరిగిన అవమానం మీకు చెప్పనేలేదు. ఆ లక్ష్మి మా పిన్ని. అవును, ఫ్లెక్సీలో పైమూలనున్న బాబాయి భార్యే. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ ఎనిమిది నెలల్లో రెండుసార్లు స్టేజీ ఎక్కించి, 'వీరపత్ని' అని పిలిచి శాలువా కప్పాను. అప్పుడైనా నా చెవిన వెయ్యొచ్చుగా? అదే అడిగాను. "నువ్వు మైకులో ఉన్నావు కదరా, మధ్యలో ఎందుకులే అని" అంది.

పింఛను మొదలయ్యాక ఊరుకున్నారా అంటే లేదు. ఏటా బతికున్నట్టు రుజువు చూపించాలి. జీవన్ ప్రమాణ్ అని 2014 నవంబరులో వచ్చింది, కంప్యూటర్లో వేలిముద్ర వేస్తే చాలు. కొబ్బరిపీచు తాడు పేనీ పేనీ, ఊడ్పులు ఊడ్చీ ఊడ్చీ మా ఊరి ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. పింఛనిచ్చే ఏర్పాటుకి పేరేమో స్పర్శ్. వేలు పెడితే మిషనుకి ఎవరో తెలియదు. 2021 నుంచి ఫోనుకి మొహం చూపించినా సరిపోతుందన్నారు, కాకపోతే కళ్లు ఆర్పాలి. టీచరుగారు "ఓసారి కళ్లార్పు అక్కా" అంటే ఒక పెద్దావిడ "ఈ వయసులో ఎవరికి కన్ను కొట్టమంటావమ్మా" అని సిగ్గుపడి మొహం కొంగుతో కప్పేసుకుంది. కొంగు కప్పితే సర్కారు లెక్కలో మనిషి లేనట్టే. అరగంట సేపు అరుగంతా ఒకటే నవ్వులు. సైనిక కుటుంబాలు నవ్వడమేమిటండీ? మా సభల్లో ఇలాంటివి జరగనివ్వం. వీరమాత కళ్లొత్తుకుంటేనే ఫొటో.

ఇంకొకావిడ ఓటీపీ చచ్చిపోయిన మొగుడి నంబరుకి పోతుంది. ఆ ఫోను మనవడు హైదరాబాద్ పట్టుకుపోయాడు. ఓటీపీ వచ్చేసరికి వాడు మీటింగులో ఉంటాడు. ఈ విషయం ఇక్కడితో వదిలేస్తాను, నాకే టెన్షన్ వస్తోంది.

మా ఊరికి సైనికుడంటే గౌరవం లేదనుకునేరు. మిలటరీ క్యాంటీను సరుకు తెచ్చుకున్న రోజు ఏ మాజీ సైనికుడి గుమ్మం దగ్గరైనా చూడండి, సెల్యూట్ కొట్టడానికి ఎంతమంది నిలబడతారో. పోస్టుమాస్టారు ఇంటింటికీ వెళ్లి, కోటా మందు సీసా బయట అమ్మితే కార్డు పోతుందని చెప్పొచ్చారు. ఒక్క నెలలో గౌరవం సగానికి పడిపోయింది.

2022 జులై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు 25 లక్షలు దాటింది. మా కమిటీ 'వరద బాధితులకు సంఘీభావం' అని ఫ్లెక్సీ సిద్ధం చేసింది గానీ కరెంటు లేక ప్రింటు కాలేదు. ఆ సమయంలో పోస్టుమాస్టారు నాటుపడవ ఎక్కి లంకలోకి వెళ్లి, మిలటరీ ఇళ్ల నుంచి మనుషుల్నీ, మనుషులతోపాటు డిశ్చార్జి బుక్కుల్నీ పాలిథిన్ కవర్లలో చుట్టి తెచ్చారు. టీచరుగారు రాత్రంతా ఫోను దగ్గర. ఎక్కడో లద్దాఖ్‌లో ఉన్న కుర్రాడు టీవీలో తన లంక మీద పడవలు తిరగడం చూసి ఫోను చేశాడు. "మీ అమ్మ మా వెనక గదిలో పడుకుంది. పెరుగన్నం తింది. నువ్వు కూడా పడుకో నాన్నా" అన్నారు. సరిహద్దులో ఉన్న సైనికుడికి పెరుగన్నం సమాచారం అందజేయడానికి ఈవిడకి అనుమతి ఎవరిచ్చారు?

ఈమధ్య కొత్త ప్రశ్నలు కూడా ఆ అరుగెక్కుతున్నాయి. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు కదా. సైన్యంలో నాలుగేళ్లు, ఆ తర్వాత పాతిక శాతం వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవా నిధితో ఇంటికి. పింఛను ఉండదు. తెల్లారకముందే కాలవ గట్టు మీద పరుగులు తీసే కుర్రాళ్ల తల్లులు వచ్చి "తర్వాతేంటండి?" అని అడుగుతున్నారు. మైకుకి పనికొచ్చే ప్రశ్న కాదని నేను ముట్టుకోలేదు. ఆయనేమో ఆ డబ్బు ఎక్కడ దాచుకోవాలో, ఏ ఉద్యోగానికి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో అట్ట మీద రాసి గోడకి తగిలించారు. పోస్టాఫీసు బుద్ధి.

అసలు ఎందుకు చేస్తున్నట్టు? ఊరంతా తల బద్దలు కొట్టుకుంది. కొడుకు మిలటరీలో ఉన్నాడా అంటే బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. సర్పంచికి నిలబడతారా అంటే ఓటరు స్లిప్పు తీసుకోవడానికే బద్ధకం. కమీషనేమో అనుకుంటే జెరాక్స్ కాగితం కూడా సొంతానిదే. చివరికి నేనే వెళ్లి మొహం మీద అడిగాను. "పొద్దున్న కాఫీ అయ్యాక ఏదో ఒకటి చెయ్యాలి కదండీ మరి" అన్నారాయన. ఆవిడ లోపల్నుంచి, "ఈయన్ని ఖాళీగా ఉంచితే వంటింట్లోకొచ్చి డబ్బాలు సర్దుతారు" అన్నారు. ఇలాంటి జవాబులతో ప్రసంగం ఎలా కట్టమంటారు?

మా కమిటీ అత్యవసరంగా కూర్చుని ఒక దారి కనిపెట్టింది. సన్మానించి ఆపేయడం. మా అనుభవంలో సన్మానం అయ్యాక పనిచేసినవాళ్లు తక్కువ. ఘనంగా ఫ్లెక్సీ కొట్టించాం. టీచరుగారి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆవిడ చూసి "దీనికి అఫిడవిట్ పెట్టాలండీ" అని లోపలికి వెళ్లిపోయారు. సభ రోజున రాలేదు. ఎవరికో కంటి ఆపరేషనట, మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు పట్టుకుని ఇద్దరూ తోడు వెళ్లారు. తెచ్చిన శాలువాలు వృథా కాకూడదని మేమే ఒకరికొకరం కప్పుకున్నాం.

మొన్న ముసురు పట్టినప్పుడు ఆ వీధిలోంచి వెళ్తూ చూశాను. అరుగు ముందు మా ఫ్లెక్సీతో చూరు దించారు. తలకిందులుగా కట్టారు. నా ముక్కు మీదుగా నీళ్లు ధారగా కారుతున్నాయి. కింద బల్ల మీద పదిమంది ఆడవాళ్లు కాగితాలు ఒళ్లో పెట్టుకుని తడవకుండా కూర్చున్నారు, మా పిన్నితో సహా. వెంటనే ఫొటో తీయించాను. 'సైనిక కుటుంబాలకు నీడగా మన కన్వీనర్' అని రాయించి వచ్చే జనవరి 26కి అదే వేయిస్తున్నాం. కొలతలు కూడా ఇచ్చేశాను, ఇరవై అడుగులు, పన్నెండు అడుగులు. అరుగు పూర్తిగా కప్పాలంటే అంత ఉండాలని పోస్టుమాస్టారే కబురు పెట్టారు.