రాబందు ఎవరో తేల్చే ముందు

"మీడియా గురించి 5 చేదు నిజాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, చివరికి నిన్న రాత్రి మా బావ నుంచి, "నీ ఫీల్డ్ గురించే, చదువు" అంటూ. హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా పత్రికల డెస్కుల్లో పనిచేస్తున్నాను. జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఒకటి, పేపర్లో ఫొటోలన్నీ ఫొటోషాప్‌వేనట. 2003లో ఇరాక్ యుద్ధానికి సంబంధించిన రెండు ఫొటోలను కలిపి ఒకటిగా పంపిన ఫొటోగ్రాఫర్‌ను లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఉద్యోగం నుంచి తీసేసింది. 2006లో బాంబు దాడి తర్వాత లెబనాన్ రాజధాని బేరూత్ మీద లేచిన పొగను ఫొటోలో పెంచి చూపిన ఫ్రీలాన్సర్‌ ఫొటోలు 920 వార్తాసంస్థ రాయిటర్స్ తన ఆర్కైవ్ నుంచి తీసేసింది. అందరూ చేసేదే అయితే వీళ్ల మీద వేటు ఎందుకు పడుతుంది?

రెండు, యాంకర్లు అరుస్తారట. అరుస్తారు. ఛానల్ మార్చండి.

మూడోది చదివితే ఒళ్లు మండిపోయింది. సూడాన్ కరువులో పాపను రాబందు తినేస్తుంటే దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ ఫొటో తీసుకుని వెళ్లిపోయాడట, పాప చనిపోయిందట, అసలు రాబందు అతనేనట, ఆ సిగ్గుతోనే ఆత్మహత్య చేసుకున్నాడట. ఫొటోను పెద్దది చేసి చూడండి. బిడ్డ చేతికి ప్లాస్టిక్ పట్టీ ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఐక్యరాజ్యసమితి ఆహార కేంద్రంలో కట్టిన పట్టీ అది. కార్టర్ రాబందును తరిమేశాడు. ఆ బిడ్డ పాప కాదు, బాబు అనీ, ఆ కరువు నుంచి బతికి బయటపడి చాలా ఏళ్ల తర్వాత జ్వరంతో పోయాడనీ స్పెయిన్ పత్రిక ఎల్ ముండో 2011లో ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుని రాసింది. రాబందు రెక్కలు విప్పుతుందేమోనని కార్టర్ ఇరవై నిమిషాలు ఎదురుచూసిన మాట మాత్రం నిజం. దాన్ని తప్పుపట్టండి, వింటాను. కానీ అతను చనిపోయింది ఎందుకు? ఆ ఫొటోకు అమెరికా జర్నలిజంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చిందని తెలిసిన కొద్ది రోజులకే ప్రాణస్నేహితుడు, ఫొటోగ్రాఫర్ కెన్ ఊస్టర్‌బ్రూక్ కాల్పుల్లో చనిపోయాడు. 1994 జులైలో కార్టర్ రాసి పెట్టిన చివరి ఉత్తరంలో కళ్లారా చూసిన హత్యలున్నాయి, శవాలున్నాయి, ఇంటి అద్దెకు, అప్పులకు డబ్బు లేదన్న బాధ ఉంది. అతనికి 33 ఏళ్లు. ఫొటో ప్రపంచమంతా అచ్చయింది, తీసినవాడికి అద్దె కట్టే దారి లేదు. ఆ మనిషినా మీరు రాబందు అంటున్నది?

నాలుగు, వార్తలన్నీ డబ్బులిచ్చి వేయించుకునేవేనట. అన్నీ కాదు. కానీ ఇక్కడ మీతో గొడవపడలేను. 2009 ఎన్నికల పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ కోసం నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి, ఇంకొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా రాశారు. కౌన్సిల్ దాన్ని కుదించి వదిలింది. పూర్తి నివేదిక 2011లో సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ బయటికి రాలేదు.

నేను చూసింది కూడా చెబుతాను. జనవరి 26 దగ్గరపడితే మండల విలేకరికి యాడ్స్ టార్గెట్ ఉంటుంది. ఒకసారి ఒకతను రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, ఆయన పావు పేజీ యాడ్ ఇస్తానన్నాడు, ఇసుక వార్త ఒక్క రోజు ఆపుతావా?" అన్నాడు. గొంతు వణుకుతోంది. ఆపాను. మర్నాడూ వేయలేదు, ఆ తర్వాతా వేయలేదు. ఆ తప్పు నాది.

ఐదు, పేపర్ మానేసి వాట్సాప్‌లో వచ్చేదే నమ్మాలట. 2020 అక్టోబర్ వరదల్లో మా ఫొటోగ్రాఫర్ ఫలక్‌నుమా దగ్గర నడుము లోతు నీళ్లలో, కెమెరా బ్యాగు నెత్తిన పెట్టుకుని తిరిగాడు. క్యాప్షన్‌లో బస్తీ పేరు తప్పు పోకూడదని నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎక్కడిదో పాత వరద ఫొటో మీ గ్రూపుల్లో అప్పటికే తిరుగుతోంది. మర్నాడు మా మొదటి పేజీ నిండా యాడ్ వచ్చింది, అతని ఫొటో ఏడో పేజీకి పోయింది. కోపం రావాల్సింది దాని మీద. నాకు ఇప్పటికీ వస్తుంది.

బావా, ఈ మెసేజ్ నీకు ఎవరు పంపారో, వాళ్లకు ఎవరు పంపారో ఒక్కసారి అడుగు. రాసినవాళ్ల పేరు దొరికితే నాకు చెప్పు.